గోప్యత హక్కు, ప్రజాధనం పద్దు

ఈ స్నాతకోత్సవంలో పట్టాలు స్వీకరిస్తున్న యువతీయువకుల్లో కొందరు రేపు ప్రభుత్వ దస్త్రాలకు బాధ్యులవుతారు, మరికొందరు వాటిని భద్రపరిచే కంప్యూటర్ వ్యవస్థలను నిర్మిస్తారు. పౌరుని వివరాల్లో దేన్ని దాచాలి, దేన్ని వెల్లడించాలి అన్న ప్రశ్న వారందరికీ ఎదురవుతుంది.

2005 నాటి సమాచార హక్కు చట్టం ఎనిమిదో సెక్షన్, ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని వెల్లడి నుంచి మినహాయిస్తూనే, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే దాన్నీ ఇవ్వవచ్చునని, పార్లమెంటుకు నిరాకరించరానిదాన్ని పౌరునికీ నిరాకరించరాదని చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను, అంటే తన జీవితపు వివరాలపై వ్యక్తికి ఉండే అధికారాన్ని, ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించింది. ఆధార్‌ను ప్రశ్నించిన వ్యాజ్యంలో వెలువడిన ఆ తీర్పు రాజ్యపు బలం నుంచి పౌరుణ్ణి కాపాడటానికి వచ్చిందే తప్ప, పౌరుని ప్రశ్న నుంచి రాజ్యాన్ని కాపాడటానికి కాదు. అయినా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమాచార హక్కు చట్టపు ఆ మినహాయింపులోని షరతులను తొలగించి, అడిగినది వ్యక్తిగత సమాచారమైతే చాలు, నిరాకరించే వీలు కల్పించింది. ప్రజాప్రయోజనం హాని కంటే ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చన్న మరో నిబంధన మిగిలే ఉంది గాని, దాన్ని ధైర్యంగా వాడే అధికారి ఉంటేనే దానివల్ల ప్రయోజనం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీని చూస్తే ఈ మార్పు ఎంత బరువైనదో తెలుస్తుంది. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి అందిందో రాసే హాజరు పట్టీయైన మస్టరును ఇంటింటికీ తీసుకెళ్లి సరిచూసి, ప్రజావేదికలో అందరి ముందు చదివినప్పుడే, చనిపోయినవారి పేరిట, వలసపోయినవారి పేరిట తీసిన డబ్బు బయటపడింది. పేరు వ్యక్తిగతమని దాన్ని చెరిపేస్తే ఆ మస్టరుతో ఏ మోసాన్నీ నిరూపించలేరు. అదే కూలీ ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా నంబరు మాత్రం ఏ ప్రజావేదికకూ అక్కరలేదు. 2017లో కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లలో అవి బహిరంగంగా కనిపించడం పేదవారికి జరిగిన అన్యాయం.

దాచవలసిన భాగాన్ని వేరుచేసి మిగతాది ఇవ్వవచ్చునని సమాచార హక్కు చట్టం పదో సెక్షన్ ఇప్పటికీ చెబుతోంది. దస్త్రం చేతికి వచ్చిన పట్టభద్రులు మొత్తాన్ని మూసిపెట్టకుండా ఆ సెక్షన్‌ను వాడాలి, వ్యవస్థలు నిర్మించేవారు ఆ విభజనను మొదటి నమూనాలోనే చేర్చాలి, పార్లమెంటు తొలగించిన షరతులను తిరిగి చట్టంలో చేర్చాలి.