రంగు మారినా ఊరు మారదు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పాత పటాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. 34 ఏళ్లు ఫైళ్లతో కుస్తీ పట్టిన గుమాస్తాను. తెలిసినంత మేరకు మనవి చేస్తాను.

మా ఇల్లు పాతబస్తీలోని జహనుమాలో. జహాన్ అంటే లోకం, నుమా అంటే చూపేది. ఇదే పేరుతో 17వ శతాబ్దంలో కాతిబ్ చెలెబీ అనే తుర్కీ పండితుడు ఒక భూగోళ గ్రంథం రాశారు. 1732లో అది పటాలతో సహా ఇస్తాంబుల్‌లో అచ్చయింది. కాతిబ్ అంటే రాయసగాడు. ఆయన సైన్యం లెక్కల శాఖలో పనిచేసిన గుమాస్తాయే! కనుక ఈ విషయం మాట్లాడే హక్కు మన వర్గానికి ఉందనే ధైర్యంతో నిలబడ్డాను.

ఆ రోజుల్లో పటాలను రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసేవారు. అచ్చులో పడేవి నల్లగీతలే. నదులు, కొండలు, ఊళ్లు, పేర్లు, అంతే. తర్వాత ఒక్కొక్క కాగితానికీ కుంచెతో నీటిరంగులు అద్దేవారు. రేకును మళ్లీ చెక్కడం ఖర్చుతో కూడిన పని. రంగు మార్చడం తేలిక. రాజ్యం చేతులు మారితే రేకు అదే ఉంచి, రంగు మార్చి అమ్మేవారు. పచ్చరంగుకు రాగిచిలుము వాడిన పటాల్లో ఇంకో చిత్రం చూడవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చిలుము కాగితాన్ని తినేస్తుంది. సరిహద్దు గీసిన చోటే పటం చీలిపోతుంది.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా, అక్కడ చాలా ఏళ్ల క్రితం రెండు దక్కను పటాలు కొన్నాను. రెండూ ఒకే రేకు అచ్చులు. ఒకదానిలో బేరారు, రాయచూరు అంతర్వేది నిజాం రంగులో ఉన్నాయి. రెండోదానిలో ఆ రెండింటికీ ఇంగ్లీషువారి రంగు పడింది. కారణం 1853 ఒప్పందం. బాకీల కింద బేరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ఇంగ్లీషువారి పాలనకు పోయాయి. 1860లో చివరి రెండూ తిరిగివచ్చాయి. బేరారు రాలేదు. 1902లో దాన్ని సాలుకు 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుకిచ్చారు. అంతకుముందే 1766లో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు, 1800లో దత్తమండలాలు కుంపిణీ రంగులో కలిసిపోయాయి.

రంగు వేసే కుంచె మన కాలంలోనూ ఆగలేదు. 1956 నవంబరు 1న హైదరాబాదు స్టేటు మూడు ముక్కలైంది. మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. తాలూకాలనూ విడదీశారు. రాయచూరు జిల్లాలోని గద్వాల, అలంపురం మహబూబ్‌నగర్‌లో కలిశాయి. బీదరులోని జహీరాబాదు, నారాయణఖేడ్ మెదక్‌లో చేరాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1981లో నా సీటుకు ఒక కుటుంబ పెన్షను ఫైలు వచ్చింది. పోయిన ఉద్యోగి సర్వీసు రిజిస్టరులో స్వస్థలం "అలంపురం తాలూకా, రాయచూరు జిల్లా" అని ఉంది. భార్య దరఖాస్తులో మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంది. రాయచూరు కర్ణాటకలో ఉంది కదా అనుకున్నాను. "జిల్లా సరిపోలడం లేదు, వివరణ కోరడమైనది" అని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపాను. ఆ తల్లి బస్సు చార్జీలు పెట్టుకొని మూడుసార్లు వచ్చింది. మూడోసారి నా బల్ల ముందు నిలబడి, "నేను ఉన్న కాడనే ఉన్న నాయినా. జిల్లాను మార్చింది మీరు, నన్నడిగితే నేనేం జెప్పాలె?" అంది.

మా సూపరింటెండెంటు గారు హైదరాబాదు స్టేటు కాలంనాటి మనిషి. ఆ మాట విని లేచి, బీరువా మీద చుట్టి ఉన్న పాత పటం దుమ్ము దులిపి నా బల్ల మీద పరిచారు. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట అలంపురం మీద వేలు పెట్టి, "ఏ జిల్లా అని తర్వాత అడుగు. ఏ సంవత్సరం అని ముందు అడుగు" అన్నారు. ఆ సాయంత్రమే ఫైలు కదిలింది. కానీ రెండు నెలలు ఆమె ఇల్లు ఎలా గడిచిందో నేను అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

పటాలు కొనే అలవాటు నాకు ఆ తర్వాతే అబ్బింది. అదే అలంపురం 2014 జూన్ 2న తెలంగాణలో భాగమైంది. 2016లో జోగులాంబ గద్వాల జిల్లాలోకి వెళ్లింది. ఊరు కదలలేదు, తుంగభద్ర కదలలేదు. పైన రంగు మాత్రం ఎన్నోసార్లు మారింది.

కనుక మిత్రులకు ఒక విన్నపం. మన సర్వీసు కాగితాల్లో, పిల్లల సర్టిఫికెట్లలో పాత జిల్లాల పేర్లే ఉన్నాయి. ఈ వారమే ఒక తెల్లకాగితం మీద మీ ఊరి పేరు, అది ఏ సంవత్సరంలో ఏ తాలూకా, ఏ జిల్లా, ఏ రాష్ట్రమో వరుసగా రాసి పెన్షను కాగితాలతో కలిపి పెట్టండి. ఇంట్లోవాళ్లకు చూపండి. రేపు మనం లేనినాడు మన ఇల్లాలు ఏదో ఒక బల్ల ముందు నిలబడవలసి వస్తే, అవతల కూర్చున్నవాడు నాలాంటివాడే కావచ్చు.