తొలి వీణ కొనునప్పుడు

వీణ నేర్వగోరు పిల్లకు ఎట్టి వీణ కొనవలెనన్న ప్రశ్న అనేక గృహములలో వచ్చుచుండును. వేలకు వేలు పోసి కొన్న పిమ్మట పిల్ల చదువుల ఒత్తిడిలో సాధన మానివేయునేమోయని తండ్రికి భయము. చౌకగా దొరకినదానిపై సాధన చేసిన చేయి పాడగునేమోయని గురువుకు భయము. ఈ రెండు భయములును న్యాయమైనవే. మితవ్యయముతో మంచి వాద్యమును ఎంచుకొను తెరగును గూర్చి నేడు మేము ముచ్చటించదలచితిమి.

వాద్యమున దోషములు రెండు విధములు: దిద్దుటకు వీలైనవి, వీలు కానివి. తంత్రులు తుప్పుపట్టినచో మార్చవచ్చును. మెట్లు స్థానము తప్పినచో మైనము కరగించి మరల మేళము కట్టించవచ్చును. బిరడ జారుచున్నచో సరిచేయించవచ్చును. కాని దండి వంగినను, పచ్చికొయ్యతో చేసిన కుండ ఎండి బీటలువారినను, ఎంత ధనము వెచ్చించినను పూర్వపు నాదము రాదు. కావున వెల అడుగుటకు ముందే కొయ్యను చూడవలెను. దండిని కంటి యెదుట పట్టి ఒక కొన నుండి రెండవ కొన వరకు సూటిగా చూచినచో వంపు తెలిసిపోవును.

వీణకు పనసకొయ్య ప్రశస్తము. బొబ్బిలి దాపున గొల్లపల్లిలో ఒకే మ్రానును తొలిచి చేయు ఏకాండ వీణలు పేరుపొందినవి. కుండను, దండిని, యాళి ముఖమును వేరువేరుగా చేసి అతికిన వీణ వెల తక్కువ. అతుకులు గట్టిగా ఉన్నచో విద్యార్థికి అదియే చాలును. నగిషీలు వెలను పెంచును గాని నాదమును పెంచవు.

ఇక మెట్లు. వయొలినుపై స్వరస్థానమును వెదకునది వేలు. వీణపై దానిని నిర్ణయించునది మెట్టు. అది తప్పియున్నచో పిల్ల ఎంత శ్రద్ధగా సాధన చేసిన అంతగా అపస్వరమే చెవికి అలవాటగును. అసలు నష్టము ఇదియే. దీనిని కనిపెట్టుట కష్టము కాదు. ముందుగా తంత్రులను శ్రుతి చేయించి, సారణిని విడిగా మీటి, పిదప 12వ మెట్టుపై నొక్కి మీటవలెను. అదే షడ్జము పైస్థాయిలో పలుకవలెను. 24వ మెట్టుపై మరియొక స్థాయి పైన పలుకవలెను. పంచమ తంత్రిని 5వ మెట్టుపై నొక్కినచో విడి సారణితో ఏకమై కలియవలెను. చెవిపై నమ్మకము చాలనివారికి చేతిఫోనులలో శ్రుతిని చూపు సాధనములు నేడు లభించుచున్నవి. ఏ మెట్టుపై నొక్కినను తంత్రి ప్రక్కమెట్టునకు తగిలి గరగరలాడరాదు. తంత్రులు మరీ ఎత్తుగా ఉన్నచో లేతవ్రేళ్లు నొచ్చును. పిల్లను కూర్చుండబెట్టి, ఎడమచేయి మొదటి మెట్టును సుఖముగా అందుకొనుచున్నదో లేదో చూడవలెను.

పాతవీణ కొనుటకు సంకోచింపనక్కరలేదు. కొయ్య మంచిదైనచో అదియే తరచుగా లాభము. అయితే మేళము, తంత్రుల ఖర్చును వెలతో కలిపి లెక్కించుకొనవలెను. ఏనుగుదంతపు పనియున్న వీణ జోలికి మాత్రము పోరాదు. మనదేశపు దంతముతో వ్యాపారమును 1986లో వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు వచ్చిన సవరణ నిషేధించినది.

మెట్లు నిలిచియుండునది మైనముపైన గనుక, మన ఎండలలో వీణను కిటికీ ప్రక్కనో, మూసిన కారులోనో ఉంచరాదు. ఎంత జాగ్రత్తపడినను కొన్నేండ్లకొకమారు మేళము కట్టించక తప్పదు. అందువలన మేళము కట్టు పనివాడు ఎంతదూరములో ఉన్నాడో కొనుటకు ముందే విచారించుట మేలు.

తండ్రుల భయమునకును సమాధానము ఇందులోనే కలదు. పిల్ల రేపు సాధన మానినను, కొయ్య మంచిదైన వీణ వ్యర్థము కాదు. దానికి మరియొక విద్యార్థి దొరకును.