బడికి కూతురి పేరు

(ఉర్లాలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుండి తెలుగులోకి అనువాదం చేయడం నా వృత్తి. అప్పుడప్పుడు ఒక చిన్న మాట దగ్గర నా కలం ఆగుతుంది. హిందీవారు ఉపాధ్యాయినిని 'బహన్‌జీ' అని పిలుస్తారు. మనం 'పంతులమ్మ' అంటాము. ఒక భాష ఆమెలో తోబుట్టువును చూచింది. మరొక భాష అమ్మను చూచింది. ఈ రెండు పిలుపులకూ తగిన ఒక తెలుగు మహిళను గూర్చి నేడు మీకు మనవి చేస్తాను.

ఆమె జెట్టి ఈశ్వరీబాయి. 1918 డిసెంబరు 1న సికింద్రాబాదులోని చిలకలగూడలో ఒక దళిత కుటుంబంలో జన్మించారు. కీస్ ఉన్నత పాఠశాలలో చదివారు. చిన్న వయస్సులోనే పుణెకు చెందిన దంతవైద్యులు లక్ష్మీనారాయణగారితో వివాహమైంది. అనంతరం భర్త తోడు లేని స్థితిలో కూతురు గీతతో స్వస్థలానికి తిరిగి వచ్చారు. పెంచవలసిన బిడ్డ ఒకవైపు, అంటరానితనం మాయని లోకం మరొకవైపు. అట్టి సమయంలో ఆమెను నిలబెట్టినది చదువు. ఉపాధ్యాయినిగా పనిచేసి, తన కష్టార్జితంతో బిడ్డను పెంచుకున్నారు.

బిడ్డ చదువుతో ఆమె బాధ్యత తీరలేదు. పేదపిల్లల కోసం సికింద్రాబాదులో ఒక పాఠశాల స్థాపించి, దానికి తన కూతురి పేరే పెట్టారు. అది గీతా పాఠశాల. ఈ ఒక్క విషయంలోనే ఆమె జీవితసారం కనబడుతుంది. తన బిడ్డకు కోరినదే పరుల బిడ్డలకూ కోరిన తల్లి ఆమె.

1950 దశకం ఆరంభంలో చిలకలగూడ ప్రజలు ఆమెను పురపాలక సభ్యురాలిగా ఎన్నుకున్నారు. 1967లో రిపబ్లికన్ పార్టీ పక్షాన ఎల్లారెడ్డి నియోజకవర్గం నుండి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రవేశించారు. 1972లో మరల గెలిచారు. దళితుల కడగండ్లను, స్త్రీల ఇక్కట్లను సభలో నిర్భయంగా వినిపించారు.

ఆ 1972లోనే ఈ ఛత్తీస్‌గఢ్ ప్రాంతం తన మినీమాతను విమాన ప్రమాదంలో కోల్పోయింది. ఆమె కూడా అణగారిన వర్గాల గొంతుకను పార్లమెంటులో వినిపించిన మహిళ. హస్‌దేవ్ నదిపై బాంగో ఆనకట్ట నేడు ఆమె పేరు ధరించి ఉన్నది. భాషలు వేరు, ఆ తల్లుల ఆవేదన ఒక్కటే.

ఈశ్వరీబాయి మంత్రి కాలేదు. ఆ పదవి ఆమె కూతురిని వరించింది. వైద్యురాలైన గీతారెడ్డిగారు 1989లో గజ్వేల్ నుండి ఎన్నికై రాష్ట్ర మంత్రి అయ్యారు. తరువాతి కాలంలో భారీ పరిశ్రమల శాఖను సైతం నిర్వహించారు. కూతురు మంత్రి అయిన తరువాతనే, 1991 ఫిబ్రవరిలో, ఈశ్వరీబాయి కన్నుమూశారు. పంతులమ్మ నాటిన మొక్క మానుకావడం ఆమె కన్నులారా చూచారు.

మిత్రులారా! ఉర్లా కర్మాగారాల వాడ. పొట్టకూటికై ఊరు విడిచినవారికి ఇక్కడ ఇల్లు మారినప్పుడల్లా బడి మారుతుంది, బోధనాభాష మారుతుంది. ఆ తడబాటులో ముందుగా చదువు మానేది ఆడపిల్లే. "ఇంటిపట్టున ఉంటుందిలే" అని మనం తేలికగా అనేస్తాము. ఆ మాట పెదవులపైకి వచ్చినప్పుడు చిలకలగూడ తల్లిని తలచుకోండి. ఆమెకు ఆస్తి లేదు, అండ లేదు, ఉన్నది చదువొక్కటే. అది ఒక బిడ్డను వైద్యురాలిని, మంత్రిని చేసింది. ఎందరో పేదబిడ్డలకు బడి అయింది.

మన అమ్మాయిలను బడి మాన్పించకుందాము. వారు హిందీలో చదివినా, తెలుగులో చదివినా, రేపు ఏదో ఒక వాడలో ఎవరో ఒకరు వారిని 'బహన్‌జీ' అనో, 'పంతులమ్మ' అనో గౌరవంగా పిలుస్తారు. ఆ పిలుపును నేను ఏ భాషలోనికి మార్చినా, దాని విలువ మారదు.