తయారీదారు తప్పుకున్నాక గ్రాఫిక్స్ కార్డు ఎంపిక

గ్రాఫిక్స్ కార్డు అంటే కంప్యూటర్ తెరపై కనిపించే దృశ్యాలను లెక్కగట్టి చూపే పరికరం. అందులోని ప్రధాన చిప్పును ఒక సంస్థ రూపొందిస్తే, దానిని బోర్డుపై అమర్చి, ఫ్యాన్లు బిగించి, వారంటీతో అమ్మేది తరచుగా మరొక సంస్థ. ఈ తేడా కొనుగోలుదారుకు అత్యంత కీలకం. వూడూ చిప్పులతో పేరుగాంచిన త్రీడీఎఫ్‌ఎక్స్ ఆస్తులను కొనేందుకు 2000 డిసెంబరులో మరో చిప్పుల సంస్థ ఎన్విడియా ఒప్పందం చేసుకోగా, 2002లో త్రీడీఎఫ్‌ఎక్స్ దివాలా తీసింది. చిప్పు కూడా దానిదే కావడంతో, కార్డును ఆపరేటింగ్ సిస్టమ్‌తో అనుసంధానించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్లకు అధికారిక మద్దతు నిలిచిపోయింది. 2022 సెప్టెంబరులో కార్డుల తయారీ సంస్థ ఈవీజీఏ ఈ రంగం నుంచి తప్పుకున్నప్పుడు మాత్రం, చిప్పు ఎన్విడియాది కనుక డ్రైవర్లు యథాప్రకారం కొనసాగాయి.

కాబట్టి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల విద్యార్థులు మధ్యస్థ ధరలో కార్డు కొనేటప్పుడు వారంటీ ఎవరు ఇస్తున్నారో, చెడిపోతే స్థానికంగా తీసుకుంటారో లేక చెన్నైకి పంపాలో ముందే అడిగి, క్రమసంఖ్య నమోదైన బిల్లును భద్రపరచుకోవాలి. మెమొరీ కనీసం 8 జీబీ ఉండాలి. ఆర్‌టీఎక్స్ 4060 కార్డుకు సుమారు 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 7600 కార్డుకు 165 వాట్లు కావలసి ఉన్నందున పవర్ సప్లై సామర్థ్యాన్నీ, వేసవి ఎండలు తీవ్రంగా ఉండే ఈ ప్రాంతంలో క్యాబినెట్‌లో గాలి ఆడే తీరునూ పరిశీలించాలి.

వివాదం తలెత్తితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చునని ప్రతి కొనుగోలుదారు గుర్తుంచుకోవాలి.