కండ నిలవాలి, కొవ్వు తగ్గాలి – ఏడాది పొడవునా
(రోగుల కుటుంబ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



వార్డులో మీవాళ్ల మంచం పక్కన రోజుల తరబడి కూర్చుంటున్న మీరు ఈ కాసేపు ఇక్కడికి వచ్చినందుకు సంతోషం. ఈరోజు మనం కండ గురించి మాట్లాడుకుందాం. కండ అనగానే జిమ్ముకు వెళ్లే కుర్రవాళ్లు గుర్తుకొస్తారు. కాని కండ అవసరం వాళ్లకన్నా మీ ఇంట్లోని పెద్దవాళ్లకే ఎక్కువ. కుర్చీలోంచి ఊతం లేకుండా లేవాలన్నా, బాత్‌రూంలో కాలు జారితే నిలదొక్కుకోవాలన్నా కండ ఉండాలి. భోజనం తర్వాత రక్తంలో చేరిన చక్కెరలో పెద్ద భాగాన్ని తీసుకొని వాడుకునేది కూడా కండే. కండ తగ్గిన కొద్దీ షుగర్‌ను అదుపులో ఉంచడం కష్టమవుతుంది.

30 ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకు మన కండ 3 నుంచి 8 శాతం వరకు తగ్గుతూ వస్తుంది. 60 దాటాక ఇంకా త్వరగా తగ్గుతుంది. అదే సమయంలో పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. ఒకటి పోయి మరొకటి రావడంతో తూకంలో తేడా కనిపించదు. "ఇరవై ఏళ్లుగా నాది అదే బరువండీ" అని మనం సంతోషపడుతూనే ఉంటాం.

మన దేశస్థులలో ఈ సమస్య మరీ ఎక్కువ. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ సొంత కొలతలనే ప్రచురించారు. ఒకరు పూణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువును చూపే బి.ఎం.ఐ. ఇద్దరికీ 22.3 మాత్రమే. కాని ఒంట్లో కొవ్వు లండన్ డాక్టరుకు 9.1 శాతం ఉంటే, మన డాక్టరుకు 21.2 శాతం ఉంది. సన్నగా కనిపించినంత మాత్రాన కొవ్వు లేదనుకోకూడదు.

మరి ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? దీనికి రెండు పరీక్షలున్నాయి.

మొదటిది టేపు. పక్కటెముకల అంచుకు, తుంటి ఎముక పైభాగానికి మధ్యలో నడుము కొలవండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

రెండోది కుర్చీ. చేతులు గుండెల మీద కట్టుకొని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. అందుకు 12 సెకన్లు గాని అంతకన్నా ఎక్కువ గాని పడితే కాళ్లలో బలం తగ్గిందేమో డాక్టరుకు చూపించాలి. పెద్దవాళ్లు చేసేటప్పుడు పక్కన ఒకరు నిలబడండి.

ఇక ఏడాదిలో ఏ కాలానికి ఆ కాలపు ఇబ్బంది ఉంటుంది.

క్రిస్మస్ నుంచి సంక్రాంతి వరకు కేకులు, అరిసెలు, సకినాలు, విందులు. అమెరికాలో 195 మందిని పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో పండుగల ఆరు వారాలలో సగటున 0.37 కిలో బరువు పెరిగారు. పెరిగింది కొంచెమే, కాని ఆ తర్వాత నెలల్లో అది తగ్గలేదు. అలా ఏటేటా పోగుపడుతుంది. పండుగనాడు పిండివంటలు తినండి. ఆ డబ్బా నెలరోజులు ఇంట్లో లేకుండా నలుగురికీ పంచిపెట్టండి.

ఎండాకాలంలో నడక ఆగిపోతుంది, ఆకలి తగ్గుతుంది. కూల్‌డ్రింకులతోను, పచ్చడి అన్నంతోను పూట గడిచిపోతుంది. కండకు కావలసిన మాంసకృత్తులు అందవు. తెల్లవారుజామునే నడవండి. దాహానికి మజ్జిగ తాగండి, భోజనంలో గుడ్డో, ముద్దపప్పో తప్పక ఉండేటట్లు చూడండి.

వానాకాలంలో బురద, జ్వరాలు. బయటికి వెళ్లలేని రోజున ఇంట్లోనే వ్యాయామం చేయాలి. చలికాలం కండ పెంచుకోవడానికి అనువైన కాలం. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు మాత్రం ఎండ వచ్చాకే బయటికి రావాలి.

వీటన్నిటికన్నా కండను ఎక్కువగా తినేసేది జబ్బుచేసి మంచాన పడిన కాలం. 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సగటున 67 ఏళ్లున్న ఆరోగ్యవంతులను 10 రోజులు మంచం మీదే ఉంచారు. కాళ్ల కండ ఇంచుమించు ఒక కిలో తగ్గిపోయింది. ఏ జబ్బూ లేనివాళ్లకే అలా అయితే రోగి సంగతి ఆలోచించండి. మనం ప్రేమకొద్దీ "లేవకు, పడుకో" అంటాం. పథ్యమని గుడ్డు, పప్పు మాన్పించి గంజి, బ్రెడ్డు, గ్లూకోజు నీళ్లతో సరిపెడతాం. ఇంటికి వెళ్లాక నాన్నగారు మరుగుదొడ్డి నుంచి లేవలేకపోతే జబ్బు ముదిరిందనుకుంటాం. చాలాసార్లు అక్కడ తగ్గింది కండ. కాబట్టి డాక్టరు గారిని ఈరోజే రెండు మాటలు అడగండి: "ఎప్పటినుంచి కూర్చోబెట్టవచ్చు, నడిపించవచ్చు? గుడ్డు, పప్పు, చేప పెట్టవచ్చా?"

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 7, 30 గ్రాముల కందిపప్పులో ఇంచుమించు 7 గ్రాములు ఉంటాయి. దీన్ని మూడు పూటలకూ పంచి పెట్టండి. పొట్ట తగ్గాలంటే అన్నం ఒక గరిటె తగ్గించి, కూర, పప్పు పెంచండి. పూటలు మాడితే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది.

వ్యాయామానికి డబ్బు ఖర్చు అక్కరలేదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి ముందుకు వంగి వెనక్కు నెట్టుకోవడం, మడమలు ఎత్తి దించడం, నీళ్ల సీసాలు ఎత్తడం – ఒక్కొక్కటి పదేసి సార్లు, వారానికి కనీసం రెండు రోజులు చేయాలి. వీటితోపాటు వారానికి 150 నిమిషాలు చురుకైన నడక ఉండాలి. వయసైపోయిందని మానవద్దు. 1990లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సగటున 90 ఏళ్లున్న వృద్ధులు డాక్టర్ల పర్యవేక్షణలో 8 వారాలు బరువులతో వ్యాయామం చేస్తే కాళ్ల బలం రెండున్నర రెట్లు దాటింది.

కొన్ని జాగ్రత్తలు. ఆపరేషన్ అయినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. కిడ్నీ జబ్బు ఉంటే మాంసకృత్తులు ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో వ్యాయామం చేయకూడదు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. గుండెల్లో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి వైద్య సహాయం పొందండి. మీ ఇంట్లో కుర్రవాళ్లుంటే కండల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ల జోలికి వెళ్లవద్దని చెప్పండి. అవి గుండెను, కాలేయాన్ని పాడుచేస్తాయి.

చివరగా ఒక్క పని. ఇంట్లో క్యాలెండర్ మీద ఏడాదికి నాలుగుసార్లు – సంక్రాంతి వెళ్లాక, నడివేసవిలో, వానల్లో, దసరా అయ్యాక – నడుము కొలత, కుర్చీ పరీక్షకు పట్టిన సెకన్లు రాసుకోండి. రోగివే కాదు, మీవి కూడా రాయండి. రేపు మీవాళ్లను లేవనెత్తాల్సిన చేతులు మీవే కదా, వాటిలో బలముండాలి.