ఇంటి స్థలం కొనేముందు దారి చూడండి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కుటుంబాలలో ఇంటి స్థలం కొనడమంటే సామాన్యమైన సంగతి కాదు. గల్ఫులో కొడుకు పదేళ్ళు పడిన కష్టం, ఇల్లాలి ఒంటిమీది బంగారం, అన్నదమ్ముల దగ్గర తెచ్చిన చేబదులు, ఇవన్నీ కలిస్తే 150 గజాల నేల అవుతుంది. కొనేటప్పుడు పట్టా చూస్తాం, ఈ.సి. తీస్తాం, ధర దగ్గర గట్టిగా బేరమాడతాం. దారి మాట వచ్చేసరికి "కళ్ళకు కనబడుతూనే ఉంది గదా" అని ఊరుకుంటాం. కనబడే దారి వేరు, హక్కుగల దారి వేరు. నేను మనవి చేయదలచినది ఈ ఒక్క మాటే.

చిన్న లెక్క వేద్దాం. రోడ్డు నుంచి మీ స్థలం దాకా 12 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు దారి ఉందనుకోండి. అది 1,200 చదరపు అడుగులు, అంటే సుమారు 133 గజాలు. ఇంచుమించు మీరు కొనే స్థలమంత! ఆ నేల ఎవరిది? అమ్మేవాడి పేరనే ఉండి, మీ దస్తావేజులో దాని ఊసే లేకపోతే, రేపు దానిని మరొకరికి రాసివ్వవచ్చు. పక్కవాడిదైతే అతని బిడ్డల పంపకాలనాడు అక్కడ గోడ లేస్తుంది. ఇసుక ట్రాక్టరు రాదు, అంబులెన్సు రాదు. ఇంట్లోంచి జనాజా లేచినా పొరుగువాని అనుమతి అడగవలసి వస్తుంది.

"ఇరవై ఏళ్ళుగా నడుస్తున్నాం, చట్టం లేదా?" అని కొందరంటారు. ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఉంది. అయితే ఆ 20 ఏళ్ళూ బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా నడిచి ఉండాలి. ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్ళు. "అన్నా, మీ నేలలోంచి పోతాం" అని అడిగి నడిచిన నడక ఎన్నాళ్ళయినా హక్కు కాదు. వేరే దారే లేనప్పుడు అమ్మినవాని మిగతా నేలలోంచి దారి అడగవచ్చుననీ చట్టంలో ఉంది. కాని అతను ఒప్పుకోకపోతే అది తేలవలసింది సివిలు కోర్టులో. అంతవరకు ఇల్లు పునాదుల్లోనే ఉంటుంది.

కాబట్టి బయానా ఇవ్వకముందే ఈ పనులు చేయండి.

ఒకటి, గ్రామ నక్షా, సర్వే నెంబరు కొలతల పటం తెప్పించండి. తెలంగాణలో దీనిని టిప్పన్ అంటారు, ఆంధ్రలో ఎఫ్.ఎం.బి. అంటారు. సర్కారు డొంక వేరు, రైతు తన పట్టా భూమిలో వదిలిన బాట వేరు. మీ స్థలానికి ఆనుకున్నది ఏదో సర్వేయరుచేత కొలిపించండి.

రెండు, లేఅవుటు అయితే మంజూరైన ప్లాను చూడండి. రోడ్లను పంచాయతీకో మునిసిపాలిటీకో రిజిస్టరు చేసి అప్పగించిన దస్తావేజు నకలు అడగండి. మంజూరు లేని ప్లానులో 30 అడుగుల రోడ్డని గీసినంత మాత్రాన అది రోడ్డు కాదు.

మూడు, సొంత నేలలోంచి దారి ఇస్తున్నామంటే, ఆ దారి సర్వే నెంబరు, పొడవు, వెడల్పు మీ క్రయ దస్తావేజులో రాయించండి. మనుషులు, బండ్లు పోవడానికే కాక నీళ్ళ పైపుకు, మురుగుకాల్వకు, కరెంటు తీగకు కూడా హక్కని రాయించండి. ఆ నేలలో వాటా ఉన్నవారందరి సంతకాలూ పెట్టించండి. మీ స్థలానికి తీసినట్లే దారి నేలకూ ఈ.సి. తీయండి.

నాలుగు, టేపు పట్టుకుపోయి స్వయంగా కొలవండి. అమ్మలారా, మీరూ వెళ్ళి చూడండి. రోజూ ఆ దారిని నడిచేది మీరూ మీ పిల్లలూ గదా!

వెనక స్థలం చవకగా వస్తోందంటే, ఎందుకు చవకో అడగండి. "దారిదేముంది, మేము లేమా?" అని అమ్మేవారు అంటే, సంతోషమే, ఆ మాటే దస్తావేజులో రాయమనండి. మనిషి మంచివాడే కావచ్చు. ఆయన తరువాత ఆ నేల ఎవరి చేతికి పోతుందో ఆయనకూ తెలియదు.