పాత కంప్యూటర్, కొత్త విండోస్: ముందు అర్హత చూద్దాం

(సిబ్బంది కుటుంబాల ఆత్మీయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కంప్యూటర్ ఇంజినీర్‌ని కాను. చదివింది ఎంబీఏ, చేసేది అప్పుల విభాగంలో ఉద్యోగం. అయినా ఈ విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్నే ఎందుకు అడిగారంటే, మా ఇంట్లో నేను చేసిన పొరపాటు ఒకటి ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. పొరపాటు చేసినవాడు చెబితే మిగతావాళ్లు జాగ్రత్తపడతారని వాళ్ల ఉద్దేశం కావచ్చు.

మా నాన్నగారు కూడా మన బ్యాంకులోనే పనిచేసి 2016లో రిటైరయ్యారు. రిటైరైన నెలలోనే ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ కొన్నారు. పాత ఫొటోలన్నీ స్కాన్ చేసి అందులో పెట్టారు. మనవరాలికి చెప్పిన కథలు రికార్డు చేసి పెట్టారు. 2021లో ఆయన పోయారు. ఇప్పుడు ఆ కంప్యూటర్ అమ్మది. పొద్దున్నే పూజ అయ్యాక దాని ముందు కూర్చుని ఫ్యామిలీ పెన్షన్ పడిందో లేదో చూసుకుంటుంది, పేపర్ చదువుతుంది. అప్పుడప్పుడు ఆ కథల్లో ఒకటి పెట్టుకుని వింటుంది.

కిందటి ఏడాది అక్టోబరులో ఆ కంప్యూటర్ తెర మీద ఒక సందేశం వచ్చింది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని దాని సారాంశం. అమ్మ నాకు ఫోన్ చేసి, "ఒరేయ్ నాన్నా, ఇది ఇంక పనిచేయదట" అంది. "పాతదైపోయిందమ్మా, కొత్తది కొందాం" అన్నాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "పాతదైతే తీసేయడమేనా? మీ నాన్నగారు కొన్న పెట్టె అది" అంది.

ఆ ఆదివారమే వెళ్లి కూర్చున్నాను. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఉంది. మన కంప్యూటర్‌కు విండోస్ 11 సరిపోతుందో లేదో అది చెబుతుంది. నడిపితే మొదట సెక్యూర్ బూట్ లేదని చెప్పింది. కింద ఇంకా వరుసలున్నాయి. నేను చదవలేదు. కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసి, డిలీట్ బటన్ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి, పాత పద్ధతి బూట్‌ను ఆపేసి, సెక్యూర్ బూట్ ఆన్ చేశాను. అంతే, కంప్యూటర్ లేవలేదు. బూట్ చేయడానికి డిస్క్ ఏదీ లేదని నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో వచ్చింది.

అప్పుడు అమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ నాన్నగారి గొంతు ఇంకెక్కడైనా ఉందా?"

ఇంకెక్కడా లేదు. ఒక్క పెన్‌డ్రైవ్‌లో కూడా కాపీ తీసుకోలేదు. రోజూ కోట్ల రూపాయల పత్రాలకు నకళ్లు అడిగే నేను, మా నాన్నగారి గొంతుకు నకలు తీసుకోలేదు.

జరిగింది పెద్ద విషయం కాదని తర్వాత తెలిసింది. ఆ హార్డ్ డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించినది. సెక్యూర్ బూట్ యూఈఎఫ్ఐ పద్ధతిలోనే పనిచేస్తుంది, దానికి డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉండాలి. బయోస్‌లో మార్చినది మళ్లీ పాతదానికి మారిస్తే కంప్యూటర్ మామూలుగా లేచింది. ఆ అరగంటలో అమ్మ ముఖం మాత్రం నాకింకా గుర్తుంది. డిస్క్‌ను ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చే సాధనం విండోస్‌లోనే ఉంది. కానీ బ్యాకప్ లేకుండా దాని జోలికి వెళ్లకూడదు.

అసలు తమాషా ఏమిటంటే, నేను చదవని కింది వరుసలో ప్రాసెసర్‌కు అర్హత లేదని స్పష్టంగా రాసి ఉంది. అంటే సెక్యూర్ బూట్ ఆన్ చేసినా ప్రయోజనం ఉండేది కాదు. దరఖాస్తులో ఒక్క గడి చూసి అప్పు మంజూరు చేసినట్టయింది నా పని.

అందుకే అప్పు ఇచ్చే ముందు అర్హత చూసినట్టే, అప్‌గ్రేడ్‌కు ముందు కంప్యూటర్ అర్హత మొత్తం చూడండి. విండోస్ 11కు కావలసినవి ఇవి. రెండు లేదా అంతకన్నా ఎక్కువ కోర్లున్న 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, సెక్యూర్ బూట్‌కు వీలున్న యూఈఎఫ్ఐ, టీపీఎం 2.0. వీటికి తోడు ప్రాసెసర్ ఆమోదిత జాబితాలో ఉండాలి. సాధారణంగా ఇంటెల్ అయితే 8వ తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 వరుస నుంచి ఆ జాబితాలో ఉంటాయి.

మీది ఏ తరమో తెలుసుకోవడం తేలిక. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ తర్వాత అబౌట్ చూడండి. ఐ5 తర్వాత 6400 అని ఉంటే 6వ తరం, 8400 అని ఉంటే 8వ తరం, 10400 అని ఉంటే 10వ తరం. నాన్నగారిది 6400.

టీపీఎం అంటే రహస్య తాళాలను భద్రంగా దాచే చిన్న ఏర్పాటు. మన స్ట్రాంగ్ రూమ్‌లో తాళాల పెట్టె లాంటిదనుకోండి. చాలా కంప్యూటర్లలో అది ఉండి కూడా బయోస్‌లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది. ప్రాసెసర్‌కు అర్హత ఉండి టీపీఎం ఒక్కటే లేదని వస్తే, కొత్త కంప్యూటర్ కొనేముందు అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ల్యాప్‌టాప్ అయితే ఇంకో జాగ్రత్త. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, బయోస్‌లో మార్పులు చేశాక 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

మరో మాట. దుకాణంలో "ర్యామ్ పెంచి, ఎస్ఎస్‌డీ వేస్తే విండోస్ 11 వచ్చేస్తుంది సార్" అంటారు. ఎస్ఎస్‌డీ వేస్తే పాత కంప్యూటర్ నిజంగానే పరుగెడుతుంది. కానీ వేగం వేరు, అర్హత వేరు. ఎస్ఎస్‌డీ ప్రాసెసర్ తరాన్ని మార్చదు. షరతులను దాటవేసి ఎక్కించే అడ్డదారులూ ఉన్నాయి. అలా ఎక్కించిన యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసమే కదా ఈ తంటా అంతా!

అప్‌డేట్లు ఆగితే ఏమవుతుందని మా అమ్మాయి అడిగింది. కంప్యూటర్ ఆగిపోదు, నడుస్తూనే ఉంటుంది. కొత్తగా బయటపడే లోపాలకు మాత్రం మరమ్మతు రాదు. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు ఆగాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మరమ్మతు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. పెన్షన్ ఖాతా చూసే కంప్యూటర్‌కు మరమ్మతులే రాకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అర్హత లేని కంప్యూటర్‌కు మూడు దారులున్నాయి. మొదటిది, విండోస్ 10కే మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు తీసుకోవడం. కంప్యూటర్‌లో విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. సెట్టింగులను ఆ ఖాతాలో బ్యాకప్ చేసుకుంటే ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు కనిపిస్తుంది. ఇది గడువు పొడిగింపే తప్ప బాకీ మాఫీ కాదు.

రెండోది లినక్స్. లినక్స్ మింట్, ఉబుంటు లాంటివి ఉచితం. మింట్ 4 జీబీ ర్యామ్‌తో కూడా చక్కగా నడుస్తుంది. ఇందులో నాకు నచ్చిందేమిటంటే, ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. ప్రింటర్ పనిచేస్తోందా, వైఫై దొరుకుతోందా, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తోందా, అన్నీ ముందే తెలుస్తాయి. ఇంటర్నెట్, మెయిల్, ఫొటోలు, ఉత్తరాలు ఇవే పనులైతే ఇది చాలు. విండోస్‌కే రాసిన అకౌంట్స్ ప్రోగ్రాం వాడేవాళ్లకు మాత్రం చిక్కు.

మూడోది కొత్త కంప్యూటర్. కొంటే మీ పాత ప్రింటర్, స్కానర్ తయారీదారులు విండోస్ 11 డ్రైవర్ ఇస్తున్నారో లేదో ముందే చూడండి. విండోస్ 11లో 32 బిట్ రకం లేదు కాబట్టి 32 బిట్ డ్రైవర్లు పనికిరావు. యూనికోడ్ రాక ముందు పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఉత్తరాలు, కథలు ఉన్నవాళ్లు, పాత కంప్యూటర్ నడుస్తున్నప్పుడే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోండి. తర్వాత తెరిస్తే అర్థంకాని గీతలే కనిపిస్తాయి. పాతదాన్ని ఇచ్చేటప్పుడు డిస్క్ పూర్తిగా తుడిచి ఇవ్వండి. ఫైళ్లు డిలీట్ చేస్తే చాలదు, వాటిని తిరిగి తీయవచ్చు. అందులో మీ ఆధార్, పాన్, ఫారం 16 అన్నీ ఉంటాయి. ఇచ్చేది కూడా నమోదైన ఈ-వ్యర్థాల కేంద్రానికే ఇవ్వండి.

రిటైరైన పెద్దలకు ప్రత్యేకంగా ఒక మనవి. "మీ విండోస్ గడువు అయిపోయింది, మేం మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, ఈ యాప్ వేసుకోండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ ఎవరికీ అలా తనంతట తాను ఫోన్ చేయదు. మోసపోయామని తెలిస్తే సిగ్గుపడకండి. వెంటనే 1930కి ఫోన్ చేసి, మన శాఖకు కూడా చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు తిరిగి రావడం కష్టం.

చివరికి మా ఇంట్లో ఏం చేశామో చెప్పి ముగిస్తాను. ఆ ఆదివారం కంప్యూటర్ లేవగానే మొదట చేసిన పని బ్యాకప్. నాన్నగారి ఫొటోలు, కథలు రెండు బయటి డిస్కుల్లోకి ఎక్కించాం. ఒకటి అమ్మ బీరువాలో, రెండోది మా ఇంట్లో. ఒకే చోట రెండు నకళ్లుంటే ఒక నకలు ఉన్నట్టే లెక్క. తర్వాత ఎస్ఎస్‌డీ వేయించాం, ఏడాది అప్‌డేట్లకు నమోదు చేశాం. పెన్‌డ్రైవ్ మీద లినక్స్ మింట్ నడిపి అమ్మకు చూపించాం. ప్రింటర్ పనిచేసింది. అమ్మ పది నిమిషాలు అటూ ఇటూ చూసి, "ఆ కథలు ఎక్కడ నొక్కితే వస్తాయో చూపించు, మిగతాది నేను చూసుకుంటాను" అంది. అక్టోబరు గడువులోపు దానికే మారుతున్నాం. పెట్టె మాత్రం అదే.

మీలో ఎంతమంది ఇంట్లో ఇలాంటి కంప్యూటర్ ఉందో నాకు తెలియదు. ఉంటే, ఈ రాత్రి ఇంటికి వెళ్లి అప్‌గ్రేడ్ మొదలుపెట్టకండి. ముందు అందులో పోతే మళ్లీ రానివి ఏమున్నాయో చూసి, వాటికి కాపీ తీయండి. మిగతాది వచ్చే ఆదివారం చూసుకోవచ్చు.